తుపాను పళ్లు

యాలాల్ మండలం
నవంబర్ 6

బిడ్డ సింధుజకు,

నీ పెద్దమ్మ హన్మమ్మ రాసేది. ఉత్తరం మొదట్ల అందరం క్షేమం అని రాసుడు రివాజు. ఆ ముక్క రాయను. ముప్పై ఒక్క గొర్రెలను గుంత తీసి పూడ్చిన చేతులతోటి అబద్ధం రాయబుద్ధి అయితలేదు.

నువ్వు పదకొండు సార్లు ఫోన్ చేసినవని యాదగిరి చెప్పిండు. మీ అన్న మీద కోపం పెట్టుకోకు, ఎత్తొద్దని నా కొడుక్కి నేనే చెప్పిన. నీ గొంతు వినలేను. నువ్వు హలో అన్నా సరే, నాకు ఆ మెసేజే చెవుల మోగుతది. కాగితానికి గొంతు ఉండదు, అందుకే రాస్తున్న. ఏడో తరగతి దాక చదివిన నా చదువు ఇన్నేండ్లకు నిన్ను తిట్టనీకి పనికొచ్చింది.

ఏమైందో నీకు సరిగ్గ తెలిసి ఉండదు. తెలుసుకో.

దీపావళి దాటినంక మనం ఉన్ని కత్తిరిస్తమని నీకు ఎరుకనే. మందను వాగుల కడిగి, ఆరబెట్టి, కత్తెర పట్టే మొగులప్పను పిలుస్తం. ఈసారి కడుగుడు అయిపోయింది, కత్తెర్లు నూరుడు అయిపోయింది. ఇంతల టీవీల సముద్రం మీద తుపాను అన్నరు. మీ పెద్దనాయిన ఆగుదమన్నడు. మొగులప్ప కూడ ఆగుదమన్నడు. నాలుగు రోజులు అందరం నీ మెసేజ్ కోసం చూసినం. మన మండలంల రెండు వందల మంది గొర్లకాపరులు నువ్వు పెట్టిన ఆ 'మబ్బు ముచ్చట' గ్రూపుల ఉన్నరు. టీవీ చెప్పింది నమ్మరు, సింధు టీచర్ చెప్పింది నమ్ముతరు.

ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం నీ మెసేజ్ వచ్చింది. తుపాను బలహీనపడ్డదని చెప్పినవు. అయినా మొగులప్ప గాలికి ముక్కు పెట్టి, "దేవన్నా, తూర్పు గాలి ఇంక తడితడిగనే ఉన్నది. జర నాల్గు దినాలు ఆగరాదె" అన్నడు. మీ పెద్దనాయిన ఏమన్నడో తెలుసా? "మా బిడ్డ బడిల సైన్సు చెప్తది. ఆమెకు తెల్వంది నీ ముక్కుకు తెల్సిందా? తియ్యి కత్తెర" అన్నడు. అందరి ముందట అన్నడు. జర గర్వంగనే అన్నడు.

మర్నాడు పొద్దుగూకే వరకు తొంభై గొర్రెలకు ఉన్ని దిగింది. ఆ మర్నాడు పొద్దున వాన మొదలైంది. మూడు రోజులు తెరిపి లేదు. ఉన్ని ఉన్న గొర్రెను వాన ఏం చెయ్యదు, నీళ్లు జారిపోతయి. బోడి ఒంటి మీద అదే వాన, పైన చలిగాలి. అవి వెచ్చదనం కోసం ఒకదాని మీద ఒకటి ఎక్కినయి. కింద ఉన్నవి ఊపిరాడక పోయినయి, పైన ఉన్నవి చలికి కొయ్యబారినయి. మంద చేను నడుమ ఉన్నది, చుట్టుపక్కల కప్పు లేదు. నా చీరలు మూడు, ఇంట్ల ఉన్న యూరియా సంచులన్ని గొర్రెపిల్లల మీద కప్పిన. మీ పెద్దనాయిన తన గొంగడి తీసి, మంద ముందు నడిచే గంట గొర్రె మీద కప్పి, తాను వానల నిలబడ్డడు. ఆ గొర్రె కూడ దక్కలే. దాన్ని ఆ గొంగట్లనే చుట్టి పూడ్చినం.

ఇప్పుడు ఆయన మాట్లాడుతలేడు. ఒక్క మాట మాత్రం చెప్పిండు. మిగిలిన యాభై తొమ్మిదిని ఈ నెల ముప్పై నాడు వచ్చే బేరగానికి తోలిస్తడట. తాండూరుల బండల పాలిషింగ్ కాడ వాచ్‌మన్ పనికి పోతడట. ఏడు తరాల నుంచి మంద వెంట నడిచిన ఇల్లు మనది. రాళ్లకు కావలి కాస్తడట!

నువ్వు తుపాను గురించి పిల్లలకు పాఠం చెప్తవు కద. మాకు కూడ చెప్పు. బలహీనపడ్డ తుపాను ముప్పై ఒక్క గొర్రెలను ఎట్ల తిన్నది?

ఏం చేసినా నీ పెద్దమ్మనే,
హన్మమ్మ


వికారాబాద్
నవంబర్ 11

పెద్దమ్మకు నమస్కారాలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. గంట గొర్రె పోయిందని చదివి స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ ఏడ్చేశాను. నాకు ఏడేళ్లప్పుడు దాని నాయనమ్మ మెడలో గంట కట్టింది నేనే. కానీ పెద్దమ్మా, చెయ్యని తప్పు మాత్రం ఒప్పుకోను. కోపంగా అడిగావు, నేనూ కోపంగానే చెబుతాను.

తుపాను ఎట్లా పుడుతుందో చూడు. ముందు సముద్రం వేడెక్కాలి. పైపైన కాదు, లోతు దాకా. ఇరవై ఆరున్నర డిగ్రీలు దాటితే ఆవిరి జోరుగా లేస్తుంది. పైకి వెళ్లిన ఆవిరి చల్లబడి మబ్బుగా మారేటప్పుడు, తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. ఆ వేడికి అక్కడి గాలి తేలికై ఇంకా పైకి పోతుంది. కింద గాలి ఒత్తిడి తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి అక్కడికి పరుగెత్తుకొస్తుంది, వస్తూ వస్తూ ఇంకింత తడిని మోసుకొస్తుంది. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ గాలి తిన్నగా రాలేదు, సుడి తిరుగుతుంది. పైన వీచే గాలీ కింద వీచే గాలీ ఒక్క తీరుగా ఉంటే ఆ సుడి నిటారుగా నిలబడి బలపడుతుంది. పై గాలి ఇంకో దిక్కుకు లాగితే ఒరిగిపోయి చెదిరిపోతుంది. ఇంతే దాని పుట్టుక.

ఇక పేర్లు. సుడిగాలి వేగం గంటకు ముప్పై ఒక్క కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. ముప్పై ఒకటి దాటితే వాయుగుండం. యాభై దాటితే తీవ్ర వాయుగుండం. అరవై రెండుకు చేరితేనే తుపాను, అప్పుడే దానికి ఒక పేరు పెడతారు. ఎనభై తొమ్మిది నుంచి తీవ్ర తుపాను, నూట పద్దెనిమిది నుంచి అతి తీవ్రం. ఆ పైన కూడా మెట్లు ఉన్నాయి, రెండు వందల ఇరవై దాటితే సూపర్ సైక్లోన్. నేల మీదికి వచ్చాక దానికి సముద్రం ఆవిరి అందదు. తిండి లేక బక్కచిక్కుతుంది, ఒక్కో మెట్టూ దిగుతుంది. మన దాకా వచ్చేసరికి అది అల్పపీడనమే. తాండూరులో ఆ మూడు రోజులూ గాలి ముప్పై కూడా దాటలేదు. అడిగి కనుక్కున్నాను. అంటే నేను చెప్పింది నిజం. అది బలహీనపడింది. అక్షరాలా నిజం!

వాన సంగతి అంటావా? దాని గురించి కూడా చెప్పాననే నాకు గుర్తు. యాదగిరి అన్న మెసేజ్‌ను మొత్తం వినిపించాడా? వాడికి ఏదీ చివరిదాకా వినే ఓపిక లేదు, సగంలో ఆపేసి ఉంటాడు. ముందు వాణ్ని అడుగు, తర్వాత నన్ను తిట్టు.

ఇంకో మాట. మూడేళ్లుగా బడి అయ్యాక వాతావరణ శాఖ బులెటిన్ మొత్తం చదివి, మీకు అర్థమయ్యేలా చెబుతున్నాను. నన్ను ఎవరూ చెయ్యమనలేదు. ఆగస్టులో భారీ వాన అంటే పడలేదని మీ ఊరంతా నన్ను పట్టుకుని నవ్వారు. 'సింధు వాన' అని పేరు కూడా పెట్టారు. పాండురంగం మామ ఎండలో గొడుగు వేసుకుని ఫోటో దిగి గ్రూపులో పెట్టాడు. అప్పుడు ఒక్కరూ నా తరఫున మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం తప్పంతా నాదేనా?

పెద్దనాయినకు నా మీద కోపం ఉంటే ఆయన్నే అనమను, పడతాను. గొర్రెల మీద కోపం తీర్చుకోవద్దని చెప్పు.

సింధుజ


యాలాల్ మండలం
నవంబర్ 17

సింధుజకు,

పాఠం మస్తుగున్నది. సముద్రం కాగుడు, ఆవిరి లేసుడు, గాలి సుడి తిరుగుడు అన్నీ అర్థమైనయి. మా సారు గిట్ల చెప్తే నేను ఏడుతోటి ఆపకపోదును. నీ పాఠం మీ పెద్దనాయినకు కూడ చదివి వినిపించిన. ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

ఇగ నా కొడుకు సంగతి. ఆ మెసేజ్ ఇంక వాని ఫోన్‌ల ఉన్నది. ఒక్క నిమిషం నాలుగు సెకండ్లు. ఆ సాయంత్రం మూడు సార్లు పెట్టిండు, మొదటి నుంచి కడ దాక. ఎందుకంటే మొగులప్ప మళ్లా మళ్లా పెట్టమన్నడు. నీకు గుర్తు లేకపోతే నేను చెప్తా, నాకు నోటికొచ్చింది. "తుపాను బలహీనపడి వాయుగుండం అయింది. రేపటికి ఇంకా బలహీనపడి అల్పపీడనం అయిపోతుంది. ఇక ఫికర్ లేదు. మీ పనులు మీరు చేసుకోండ్రి." మిగిలిందంత నమస్తేలు, బాగున్నరా అనుడు. వాన అన్న మాట అందుల ఒక్కటి లేదు, సింధూ. వెతికితే కూడ లేదు. నా కొడుకు మీదికి నెట్టనీకి నీకు నోరెట్ల వచ్చింది? మూడు రోజులు వాడు చచ్చిన గొర్రెలను భుజం మీద మోసిండు. ఇప్పటికీ చెయ్యి లేపలేకపోతున్నడు.

నీ మెట్లు కూడ చదివిన. ముప్పై ఒకటి, అరవై రెండు, ఎనభై తొమ్మిది. అవి చదువుతుంటే నాకు ఏం యాదికొచ్చిందో చెప్తా. నువ్వు చిన్నగున్నప్పుడు ఎండకాలం సెలవులకు మా ఇంటికొస్తే, మీ పెద్దనాయిన గొర్రె నోరు తెరిచి నీకు చూపెట్టేటోడు. పాలపళ్లు ఉంటే పిల్ల. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆ తర్వాత నోరు నిండినది. నువ్వు మంద మొత్తం తిరిగి నోర్లు తెరిచి లెక్క చెప్పేదానివి. నీది కూడ అదే లెక్క ఇప్పుడు. మీ వాయుగుండాలు, తుపాన్లు అన్ని పళ్లే. ఎంత గట్టిగ కొరుకుతదో చెప్తయి, అంతే.

కాని ఉత్త పళ్లు చూసి ఎవరన్న గొర్రెను కొంటరా? నడుము పట్టి చూస్తం. కడుపు తడిమి చూస్తం. సూడిదా, వట్టిదా, రోగమున్నదా, అన్ని చేతితోటి చూస్తం. పళ్లూడినంత మాత్రాన గొర్రె కడుపు ఖాళీ అయితదా? నీ తుపానుకు పళ్లూడినయి, నిజమే. కడుపుల సముద్రమంత నీళ్లు ఉన్నయి కద! అవి ఎక్కడికి పోతయి? వచ్చి మా అనంతగిరి గుట్టలకు తగిలి మా నెత్తి మీదనే పడ్డయి. ఈ ముక్క చెప్పనీకి సైన్సు ఎందుకు, మొగులప్ప ముక్కు చాలు. నువ్వు పళ్లు చూసి, ఫికర్ లేదు పోండ్రి అన్నవు. అక్షరాలా నిజమట. మా గుంతల పండుకున్న గొర్రెలకు చెప్పుపో ఆ అక్షరాలు.

ఇంకొకటి నా కడుపుల ఉన్నది, అది కూడ కక్కుతా. నువ్వు రాలే. కోట్‌పల్లి నుంచి నీ అక్క నిరోషా పిల్లను చంకనేసుకొని వచ్చింది. వికారాబాద్ నుంచి తాండూరుకు రైలు ఎక్కితే గంట. అక్కడి నుంచి ఆటో. పాఠం రాయనీకి టైము దొరికింది గని, పెద్దనాయిన ముందు నిలబడనీకి నీకు నామోషీ అయింది. ఉద్యోగం వచ్చినంక గొర్ల వాసన పడుతలేదా?

ముప్పయ్యో తారీఖు ఆదివారం బేరగాడు వస్తడు. పదమూడు రోజులు ఉన్నయి.

హన్మమ్మ


వికారాబాద్
నవంబర్ 21

పెద్దమ్మా,

నేను వచ్చాను.

మూడో తారీఖు పొద్దున యాలాల్‌లో బస్సు దిగాను. హోటల్ దగ్గర మొగులప్ప టీ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టి లేచి వెళ్లిపోయాడు. చేను దాకా నడిచాను. తుమ్మచెట్ల అవతల పెద్దనాయిన కనిపించాడు. మిగిలిన బోడి గొర్రెల ముందు నిలబడి ఉన్నాడు, వాటినే చూస్తున్నాడు. భుజం మీద గొంగడి లేదు. ఎండాకాలంలో కూడా ఆయన భుజం ఖాళీగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. తుమ్మచెట్లు దాటలేకపోయాను. వెనక్కి తిరిగి, వచ్చిన బస్సే ఎక్కాను. వాసన పడక కాదు పెద్దమ్మా. ఆ మాట ఎట్లా అన్నావు? ముఖం చెల్లక పోయాను.

పోయిన ఉత్తరంలో గట్టిగా వాదించాను. అది రాసేటప్పటికి నా మెసేజ్‌ను నేను మళ్లీ వినలేదు. వినే ధైర్యం లేదు. నువ్వు రాశాక విన్నాను. నువ్వు రాసినట్టే ఉంది, ఒక్క మాట తేడా లేదు. తర్వాత నా నోటుబుక్కు తీశాను. మెసేజ్ చెప్పే ముందు నేను అందులో రాసుకుంటాను. ఆ రోజు పేజీలో ఒక వాక్యం ఉంది: "గాలి తగ్గినా రెండు మూడు రోజులు భారీ వానలు పడవచ్చు, చలి పెరుగుతుంది." దాని మీద అడ్డంగా గీత ఉంది. ఆ గీత నేను గీసిందే.

బులెటిన్‌లో తప్పు లేదు. వాన సంగతి అందులో ఉంది, మన జిల్లా పేరుతో సహా ఉంది. కొట్టేసింది నేను. ఎందుకో చెబుతాను, తిట్టుకో. గాలి తగ్గడం ఖాయం, కాబట్టి అది చెప్పాను. వాన మాత్రం ఖాయంగా చెప్పలేం, పడవచ్చు అనే చెప్పాలి. పడకపోతే మళ్లీ సింధు వాన అంటారు, మళ్లీ పాండురంగం మామ గొడుగు ఫోటో పెడతాడు. నవ్వులపాలు కావడం ఇష్టం లేక, ఖాయమైన ముక్క ఒక్కటే ఉంచి మిగతాది తీసేశాను. పరువు కాపాడుకున్నాను! మీ పనులు మీరు చేసుకోండి అన్నది ఏ బులెటిన్‌లోనూ లేదు, అది నా సొంత తెలివి. మీరు ఉన్ని కత్తిరించే రోజులని నాకు తెలుసు. ప్రతి సెలవుకూ మీ మంద వెంట తిరిగి, తెలిసి, అది ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

యాదగిరి అన్నను అన్న మాటకు నాకు క్షమాపణ అడిగే ముఖం కూడా లేదు. వాడి చెయ్యి డాక్టరుకు చూపించండి.

పళ్లు, కడుపు అని నువ్వు రాసింది బడిలో పిల్లలకు చదివి వినిపించాను. పుస్తకంలో రెండు పేజీల్లో లేనిది అందులో ఉంది. వాళ్లకు వెంటనే అర్థమైంది. నాకే ఆలస్యంగా అర్థమైంది.

మబ్బు ముచ్చట గ్రూపు నిన్న మూసేశాను. ఇక నా నోటి మాట నమ్మి ఎవరూ కత్తెర పట్టొద్దు. పెద్దనాయినకు చెప్పు, నా మీద కోపంతో మందను తోలెయ్యొద్దు. నన్ను ఇంటికి రానివ్వకపోయినా పరవాలేదు. గొర్రెలు మాత్రం ఉండాలి.

సింధు


యాలాల్ మండలం
నవంబర్ 25

సింధుకు,

గ్రూపు మూసేసినవా? ఎవరిని అడిగి మూసినవ్? నిన్న పొద్దటి నుంచి మా ఇంటి ముందట కాపరులు లైను కట్టిండ్రు. సముద్రం మీద మళ్లా ఏందో లేచిందట, టీవీల తిప్పి తిప్పి చూపెడుతున్నరు. సింధు టీచర్ ఏమన్నది అని అడుగుతున్నరు. ఏం చెప్పాలె నేను? తప్పు చేసి తలుపేసుకొని కూసున్నదని చెప్పాల్నా? తప్పు చేసినోళ్లు ముందుకొచ్చి నిలబడాలె, తుమ్మచెట్ల ఇవతల నుంచి తిరిగి పోవుడు కాదు. అప్పుడొకసారి పారిపోయినవు, ఇప్పుడు గ్రూపు మూసి రెండోసారి పారిపోయినవు. మా ఇంటి పిల్లవేనా నువ్వు?

నువ్వు వచ్చిన సంగతి తెల్వక వాసన మాట అన్న. అది వాపసు తీసుకుంటున్న. మిగిలినయి ఏవీ తీసుకోను.

నీ ఉత్తరం మీ పెద్దనాయినకు చదివిన. గోడ దిక్కే తిరిగి ఉన్నడు. భుజం ఖాళీ అని నువ్వు రాసిన కాడికి వచ్చినంక, చెయ్యి తీసి భుజం మీద పెట్టి చూసుకున్నడు. మళ్లా ఒకసారి చదువుమన్నడు. కొట్టేసిన గీత ముచ్చట విన్నంక లేచి కూసున్నడు. ఇరవై రోజులకు నోరు తెరిచి ఏమన్నడో ఉన్నదున్నట్టు రాస్తున్న. "మెసేజ్ తప్పు ఆ పిల్లది. కత్తెర తియ్యమన్న నోరు నాది. మొగులన్నను నలుగుర్ల తక్వ చేసిన. నవ్వుతరని ఆమె బుగులు పడ్డది, మా బిడ్డ సైన్సు టీచరని నేను మిడిసిపడ్డ. ఇద్దరం సరిపోయినం." అట్ల అని లేచి మొగులప్ప ఇంటికి పోయిండు. ఏం మాట్లాడుకున్నరో నేను అడగలే.

కని అమ్ముడు మాత్రం అమ్ముతనే అంటున్నడు. ఉన్ని ఇంక వేలెడు పెరగలే, ఇంకొక వాన పడితే ఉన్నయి కూడ పోతయి, కండ్ల ముందట మళ్లా చూడలేను అంటున్నడు. తర్వాత వాకిట్లకు పోయి మబ్బు దిక్కు చూసి, నా ముఖం చూడకుండ అడిగిండు: "ఆ పిల్ల ఏమంటున్నది?"

ఈ ఉత్తరం పోస్టుల వెయ్యలే. యాదగిరి చేతికిచ్చి పొద్దటి రైలుకు పంపుతున్న. వాపసు రైలుకు జవాబు రావాలె. పళ్ల లెక్క నాకొద్దు. నడుము పట్టి చూసి, కడుపు తడిమి చెప్పు.

హన్మమ్మ


వికారాబాద్
నవంబర్ 26

పెద్దమ్మా, పెద్దనాయినా,

అన్న స్టాఫ్ రూమ్ బయట కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, కుడి చెయ్యి ఇంకా లేవక ఎడమ చేత్తో నీ ఉత్తరం ఇచ్చాడు. త్వరగా రాస్తున్నాను.

ఈసారి వచ్చేది తుపాను కాదు, అయ్యేలా కూడా లేదు. పేరు పెట్టరు. సముద్రం పైన గాలులు దాన్ని నిలబడనివ్వడం లేదు. టీవీ వాళ్లు రేపటికి దాన్ని మర్చిపోతారు. దానికి పళ్లు లేవు.

కడుపు మాత్రం నిండుగా ఉంది. మన దిక్కే కదులుతోంది, అదీ నెమ్మదిగా. నెమ్మదిగా కదిలేదే ఎక్కువ కురుస్తుంది. ఇరవై ఎనిమిది మధ్యాహ్నం నుంచి ముప్పై దాకా వాన పడవచ్చు. పదిసార్లు ఇట్లాంటివి వస్తే ఆరేడు సార్లు పడుతుంది, మూడు నాలుగు సార్లు తప్పిపోతుంది. అంతకంటే ఖాయంగా నాకు తెలియదు, తెలియదనే చెబుతున్నాను. చలి మాత్రం ఖాయం. ఉన్ని పెరగని మంద ఇరవై ఎనిమిది పొద్దుటికల్లా పైకప్పు కింద ఉండాలి. చేనులో వద్దు, చెట్టు కింద వద్దు, పైకప్పు ఉన్నచోటే. గాలి తగిలే దిక్కు గోడ కూడా ఉండాలి.

వాన పడకపోతే నవ్వండి. పాండురంగం మామను గొడుగు సిద్ధంగా పెట్టుకోమనండి. నేను పడతాను.

ఇదే మాట గ్రూపు తెరిచి అందులో కూడా చెప్పాను. ఈసారి ఏమీ కొట్టెయ్యలేదు.

సింధు


యాలాల్ మండలం
డిసెంబర్ 22

బిడ్డ సింధుకు,

నువ్వు ఫోన్‌ల అడిగితే యాదగిరి అంత మంచిగున్నది అని రెండు ముక్కలల్ల చెప్పి పెట్టేసిండట. వానికి ఏదీ కడ దాక చెప్పే ఓపిక లేదు. ఆ ఒక్కటి నువ్వు సరిగ్గనే రాసినవు. అందుకే నేను రాస్తున్న.

నీ జవాబు వచ్చిన సాయంత్రమే మీ పెద్దనాయిన తాండూరుకు పోయిండు. బండల పాలిషింగ్ యూనిట్ల మల్లికార్జున్ సేటు, "పనికి ఒకటో తారీఖు కద దేవప్పా, అప్పుడే వచ్చినవ్?" అన్నడట. "పనికి కాదు సేటు. నీ రేకుల షెడ్డు మూడు దినాలు కావాలె, గొర్లకు" అన్నడట ఈయన. సేటు కోపానికొచ్చి బండలు ఖరాబైతయి అన్నడు. ఈయన అక్కడి నుంచి కదలలే. రాళ్లకు చలి పెట్టదు సేటు, నా గొర్లకు పెడుతది అని నిలబడ్డడు. కడకు కడిగిచ్చి పోవాలె అని ఒప్పుకున్నడు. ఇరవై ఏడు నాడే యాలాల్ నుంచి తాండూరు దాక మందను నడిపిచ్చినం. మొగులప్ప ముందు నడిచిండు.

ఇరవై ఎనిమిది నాడు చుక్క పడలే. ఎర్రటి ఎండ. పాండురంగం నిజంగనే గొడుగు పట్టుకొని షెడ్డు కాడికి వచ్చిండు, ఫోటో దిగుత అన్నడు. నాకు ఒళ్లు మండింది. నీ మీద కాదు, వాని మీద మండింది. నోటికొచ్చినట్టు తిట్టిన. ఇరవై తొమ్మిది పొద్దున అదే గొడుగు వేసుకొని, తడిసి ముద్దయి, తన గొర్లను కూడ తోలుకొని అదే షెడ్డుకు వచ్చిండు. నేను జర జరిగి చోటిచ్చిన, అంతే.

బేరగాడు ముప్పయ్యో తారీఖు వానల మన చేనుకు పోయిండట. మంద లేదు, మనుషులు లేరు. మోకాళ్ల దాక బురద పూసుకొని ఫోన్ చేసిండు. మీ పెద్దనాయిన, "మంద అమ్ముతలేను, ఇంక వానలున్నయట, జాగ్రత్తగ పో" అని పెట్టేసిండు. మంద నుంచి ఒక ముసలి గొర్రె పోయింది, అది వానకు కాదు, దానికి నోట్ల పళ్లే లేవు. యాభై ఎనిమిది ఉన్నయి. షెడ్డు కడిగిచ్చినం.

అంత మంచిగైంది కద అని నా కోపం పోయిందనుకుంటున్నవేమో. పోలే. ముప్పై ఒక్కటి వాపసు రావు. రోజు మంద లెక్కపెడుతుంటే ముప్పై ఒకటి కాడికొచ్చి ఆగుతా. నువ్వు మెసేజ్ పెట్టిన ప్రతిసారి వింటా, అందుల ఏం కొట్టేసినవో అని చూస్తా. చూడకుండ ఉండలేను, ఏమనుకోకు. ఇగ నుంచి నువ్వు ఫోన్ చేస్తే ఎత్తుతా. క్షేమం అడుగు, తిట్లు కూడ విను.

ఉత్తరంతోటి ఒక మూట వస్తున్నది. ఆ రోజు దిగిన ఉన్ని అంత మూల పడి ఉండె. చూస్తే కడుపు మండి పారేస్త అన్న. మొగులప్ప వద్దన్నడు. బతికినదాని ఉన్ని ఏదో, పోయినదాని ఉన్ని ఏదో ఏరలేము, అంత కలిసిపోయింది. నేను వడికిన, ఆయన చింతగింజల గంజి పెట్టి నేసిండు. రెండు గొంగళ్లు అయినయి. ఒకటి మీ పెద్దనాయిన భుజం మీద ఉన్నది. రెండోది నీకు.

అది మెత్తగ ఉండదు. కొత్త గొంగడి, మెడ కాడ గుచ్చుకుంటది. కింద చున్నీ వేసుకోకు. మెసేజ్ చెప్పే ముందట కప్పుకొని కూసో. గుచ్చుకోవాలనే పంపుతున్న.

నీ పెద్దమ్మ
హన్మమ్మ